ముక్కుదొర షెడ్డులో గురక

మా బావకు దేవుడు మిగతావన్నీ ఓ మోస్తరుగా ఇచ్చి, ముక్కు దగ్గరకొచ్చేసరికి చెయ్యి జారవిడిచాడు. పొడుగు సరే, దానికి పదును కూడా పెట్టాడు. వీధి చివరింట్లో పాలు అడుగంటితే ఈ చివర కూర్చున్న బావ "ఎవరో పొయ్యి మీద పెట్టి మర్చిపోయారు" అనేవాడు. రాబోయే వానను ముందే చెప్పేవాడు. ఒకసారి మా ఇంటికొచ్చి, బీరువా వెనక ఎలుక చచ్చిందని గుమ్మంలో నిలబడే తేల్చేసి, మా ఆయన చేత బీరువా జరిపించి, ఆయనకు నడుము పట్టించి మరీ వెళ్ళాడు. అందరూ అతన్ని ముక్కుదొర అనేవాళ్ళు. చాటుగా కాదు, ఎదురుగానే అనేవాళ్ళు. అతనేమీ అనుకోకపోగా, ఇంకోసారి అంటే బాగుండునన్నట్టు అక్కడే నిలబడేవాడు.

అసలు అతను మా ఇంటి అల్లుడైందే ఆ ముక్కు వల్ల. పెళ్ళికి ముందు దాణా బస్తాలు దింపే లారీ మీద పనిచేసేవాడు. ఓ రోజు దారి అడగడానికి మా గుమ్మం ముందు ఆగి, మా నాన్న చెప్పేది వినకుండా ముక్కు పైకెత్తి, "మీ వంటింట్లో గ్యాస్ లీకవుతోందండీ" అన్నాడు. నిజంగానే గొట్టం పగిలి ఉంది. అక్క అగ్గిపెట్టె చేత్తో పట్టుకుని పొయ్యి ముందు నిలబడి ఉంది. మా నాన్న అతన్ని ప్రాణదాత అన్నాడు, కూర్చోబెట్టి మర్యాద చేశాడు, ఏడాది తిరక్కుండా అక్కనిచ్చి పెళ్ళి చేశాడు. గొట్టం చూపించినవాడికి థాంక్స్ చెప్పి పంపిస్తే సరిపోయేదని నేను ఇప్పటికీ అంటుంటాను. "ముందు నిన్నే ఇస్తానన్నాడు మీ నాన్న. దూరం నుంచే వాసన చూసి వద్దన్నాను" అంటాడు బావ. మరదలినన్న మాటే గానీ అతని దగ్గర నాకు దక్కిన గౌరవం ఇంతే.

పెళ్ళయ్యాక లారీ పని మానేసి బ్రాయిలర్ కోళ్ళ షెడ్డు పెట్టాడు. కంపెనీవాళ్ళు ముందురోజు పుట్టిన పిల్లల్ని పెట్టెల్లో తెచ్చి దింపుతారు. దాణా, మందులూ వాళ్ళవే. షెడ్డు, నీళ్ళు, చాకిరీ, పాడు చేసుకున్న నిద్ర, ఇవన్నీ బావవి. కోళ్ళు పెరిగాక వాళ్ళే వచ్చి ఎత్తుకుపోతారు. షెడ్డుకు నడుం ఎత్తు గోడ, ఆ పైన ఇనప వల, వల మీద గాలికీ చలికీ వేలాడదీసిన పరదాలు. ఆ పరదాలు కుట్టేది నేను. రవికలు కుట్టడం కంటే ఇది ఎంతో మేలు. షెడ్డు లావెక్కదు, చంక దగ్గర బిగుతైందని గొడవకు రాదు.

ఆ షెడ్డులో బావ ముక్కు చేసిన ఉద్యోగం చూడాలి. పొద్దున్నే తలుపు తీసి, లోపల ఒక్కచోట నిలబడి, కళ్ళు మూసుకుని గాలి పీల్చేవాడు. "ఆ మూల నీళ్ళ గొట్టం కారుతోంది" అనేవాడు. వెళ్ళి చూస్తే కారుతూనే ఉండేది. ఏ దాణా బస్తాకు బూజు పట్టిందో, నేల మీద పరిచిన ఊకను ఎక్కడ తిరగెయ్యాలో అన్నీ అలాగే చెప్పేవాడు. ఊక తడిసి, అందులో కోళ్ళ రెట్ట మురిగితే ఒక ఘాటు పుడుతుంది. ముందు కళ్ళకు పట్టుకుంటుంది, తర్వాత గొంతుకు. మనిషి పైన నిలబడి ఫరవాలేదనుకుంటాడు గానీ కోడి బతుకంతా నేల మీదే కదా, దాని ముక్కు దగ్గరే ఆ ఘాటంతా. అందుకే చుట్టుపక్కల షెడ్లవాళ్ళు కూడా బావను పిలిచి వాసన చూపించుకునేవాళ్ళు. డాక్టరు నాడి చూసినట్టు అతను వెళ్ళి గాలి చూసి వచ్చేవాడు.

ముక్కుకు ఎంత ధైర్యమో గుండెకు అంత పిరికితనం. మొదటి చలికాలం బ్యాచ్‌లో ఒక రాత్రి కరెంటు పోయి, వెచ్చదనం కోసం పిల్లలన్నీ ఒక మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కి, కింద పడ్డవి నలిగి చచ్చిపోయాయి. తెల్లారి ఆ కుప్పను చూసి బావ నేల మీద చతికిలబడి ఏడ్చాడట. అప్పట్నుంచి చలి అంటే అతనికి సొంత పగ. ఎండాకాలం పోయిన మర్నాడే చెవులకు మఫ్లర్ చుట్టేస్తాడు. ఇంట్లో ఫ్యాన్ తిరిగితే దాన్ని దొంగను చూసినట్టు చూస్తాడు.

ఈ చలికాలం కథ అక్క ప్రయాణంతో మొదలైంది. వాళ్ళ కూతురికి నెలలు నిండాయి. అక్క బట్టలు సర్దుకుని అక్కడికి వెళ్ళింది. వెళ్ళేముందు నా దగ్గరకొచ్చి, "రోజూ ఓసారి షెడ్డు వైపు వెళ్ళి రావే" అంది. నాకు పెళ్ళి సీజను బట్టలు తలకు మించి ఉన్నాయి. పోన్లే, బావేమైనా చంటిపిల్లాడా అనుకున్నాను. అక్క మొహం చూసి అప్పుడే ఏదో ఉందని పట్టుకోవాల్సింది, కానీ నేను బట్టల కొలతలు తప్ప మొహాలు చదివే రకం కాదు.

షెడ్డులోకి కోడిపిల్లలు దిగేముందే బావ నా చేత పరదాలకు పైన ఇంకో అంచు కుట్టించాడు. మామూలుగా పరదాకూ కప్పుకూ మధ్య చెయ్యి పట్టేంత సందు వదులుతారు, లోపలి పాడుగాలి పోవడానికి. "ఆ సందు మూసెయ్యి. చీమ దూరకూడదు" అన్నాడు.

"చీమ దూరకపోతే గాలెలా దూరుతుంది బావా?" అన్నాను.

"గాలి సంగతి నా ముక్కు చూసుకుంటుంది. నువ్వు కుట్టు చూసుకో."

నేను కుట్టాను. కట్టాను కూడా. ఇనప పెట్టెకు మూత పెట్టినట్టు కుదిరింది. అంత బాగా కుట్టినందుకు నన్ను మెచ్చుకుంటాడేమో అనుకున్నాను. "ఒక అంగుళం వంకర పోయింది" అన్నాడు. కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషి చేతిలో నిజంగానే కోళ్ళు పెట్టారు.

పిల్లలకు ఈకలు రావడం మొదలైన రోజుల్లో తుమ్ములు మొదలయ్యాయి. ముందు అక్కడొకటి, ఇక్కడొకటి. తర్వాత గొంతులో గరగర. షెడ్లవాళ్ళు దాన్ని గురక అంటారు. కోడి నోరు తెరిచి, మెడ చాచి, ఒక్కో ఊపిరినీ బావిలోంచి తోడుకున్నట్టు తోడుకుంటుంది. కళ్ళలో నురుగు, దాణా దగ్గరకు వెళ్ళే ఓపిక ఉండదు. పొద్దున తలుపు తీసేసరికి కొన్ని పడి ఉండేవి. బావ వాటిని ఏరుకొచ్చి గోతిలో వేసేవాడు. ఫోన్‌లో అక్క అడిగితే మాత్రం, "ఆ, బాగానే ఉన్నాయి, నువ్వు పిల్లని చూసుకో" అనేవాడు.

కంపెనీ సూపర్వైజరు వచ్చాడు. కుర్రాడు మంచివాడే గానీ అతనికి ఆ రోజు పడిశం. కర్చీఫు ముక్కుకు అంటించుకునే బండి దిగాడట. జబ్బు కనిపెట్టడానికి వాళ్ళకో పద్ధతి ఉంది. షెడ్డు మధ్యకు వెళ్ళి సన్నగా ఈల వేస్తారు. ఈల వినగానే కోళ్ళన్నీ అరుపు ఆపి తలెత్తుతాయి. ఆ నిశ్శబ్దంలో చెవి పెడితే ఎక్కడ తుమ్ముతోందో, ఎక్కడ గొంతు గరగరలాడుతోందో తెలిసిపోతుంది. పాపం ఈ అబ్బాయి మూతి సున్నా చుట్టి ఊదితే ఈల రాలేదు, తుమ్ము వచ్చింది. ఒక్క కోడి కూడా అరుపు ఆపలేదు, కొన్ని తిరిగి తుమ్మాయి. ఇది బావే నాకు చెప్పాడు, అతని మీద నవ్వుకుంటూ. తన మీద తర్వాత నవ్వుకోవాల్సి వస్తుందని అప్పటికి తెలియదు.

సూపర్వైజరు చచ్చిన కోడిని కోసి చూశాడు. గాలి గొట్టం ఎర్రగా ఉంది, లోపల చిక్కటి చీమిడి. ఊపిరితిత్తుల పక్కన గాజులా ఉండాల్సిన గాలి సంచులు మసకబారి ఉన్నాయి.

"బాబాయ్, లోపల ఘాటేమైనా ఉందా? నాకు ముక్కు బిగుసుకుపోయి ఏమీ తెలియట్లేదు" అన్నాడట.

"ఉంటే నేను చెప్పనా?"

"అదీ నిజమే. మీరు లేదంటే లేనట్టే."

ఇంకేముంది, ముక్కుదొర తీర్పు ఇచ్చేశాక పైకోర్టు లేదు. బావ ఘాటు లేదన్నాడు గనక జబ్బు పిల్లలతోపాటే వచ్చి ఉంటుందని తేల్చారు. నీళ్ళలో కలపడానికి మందు ఇచ్చాడు. కఫం కరగడానికి యూకలిప్టస్ నూనె కలిసిన ఇంకో సీసా ఇచ్చి, తొట్టికి ఒక్క మూత చాలన్నాడు. వెళ్తూ వెళ్తూ మొహమాటపడుతూనే ఇంకో మాట చెప్పాడు. ఈ బ్యాచ్ ఇలాగే పోతే ఇక మీదట ఈ షెడ్డులో పిల్లల్ని దింపొద్దని పైవాళ్ళు అనుకుంటున్నారట.

షెడ్డు ఖాళీ అయితే బావకు ఇంకో పని రాదు. బస్తాలు మొయ్యడానికి ఈ వయసులో వీపు ఒప్పుకోదు. ఆ సంగతి తెలిసి కూడా అతను చేసిందేమిటంటే, పిల్లల్ని పొదిగించినవాళ్ళను తిట్టాడు, టీకా వేసినవాణ్ణి తిట్టాడు, చలిని తిట్టాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు చివరికి పక్క షెడ్డు నుంచి గాలి వస్తోందన్నాడు. ఆ పరదాల్లోంచి గాలి ఎలా వస్తుందో నాకు తెలియలేదు. కుట్టింది నేను.

ఒకరోజు పరదా తాడు తెగిందని కబురు పెడితే సూదీ దారం పట్టుకుని వెళ్ళాను. గేటు దగ్గరే యూకలిప్టస్ వాసన నా ముక్కులోకి దూరి, ఎప్పట్నుంచో ఉన్న తలనొప్పిని తీసేసింది. ఇంతవరకూ బాగానే ఉంది. తలుపు తీసి లోపల అడుగు పెట్టానో లేదో, ఎవరో ఉల్లిపాయ కోసి కంట్లో పిండినట్టయింది. కళ్ళు ధారలు కట్టాయి. గొంతు పట్టేసింది. చుట్టూ కోళ్ళు నోళ్ళు తెరుచుకుని నన్నే చూస్తున్నాయి. నాకూ వాటికీ ఆ క్షణంలో పెద్ద తేడా లేదు.

"బావా, ఏంటీ ఘాటు! చచ్చేలా ఉన్నాను" అన్నాను దగ్గుతూ.

"ఘాటా? ఎక్కడ? నీకు సీరియల్ చూసినా కళ్ళు కారతాయి."

అని, నూనె మందు సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గట్టిగా పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. మొహం చిట్లించి, "కల్తీ సరుకు పంపిస్తున్నారు ఈ మధ్య. వాసనే లేదు. అందుకే ఒక్క మూత చాలట్లేదు" అని, సగం సీసా తొట్టిలో ఒంపేశాడు.

నేను ఆ సీసా లాక్కుని వాసన చూశాను. నడినెత్తికి తగిలింది. దాన్ని కోళ్ళ నీళ్ళలో సగం సీసా పోస్తే అవి నీళ్ళెలా తాగుతాయి? తొట్టి వైపు చూశాను. ఒక్క కోడీ అటు వెళ్ళడం లేదు. బావ వైపు చూశాను. అతను ఆ గాలిలోనే, నేను నిలబడలేని గాలిలో, మఫ్లర్ సర్దుకుంటూ హాయిగా నిలబడి ఉన్నాడు.

నాకు నవ్వు రాలేదు. బావ దగ్గర నాకు నవ్వు రాకపోవడం అదే మొదటిసారి అనుకుంటాను. తాడు కోసం ఇంటికి వెళ్ళొస్తానని అబద్ధం చెప్పి బయటికొచ్చి, రోడ్డు మీద నిలబడి అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, బావకి ముక్కు పనిచెయ్యట్లేదే."

అవతల చంటిపిల్ల ఏడుపు వినిపిస్తోంది.

"ఇప్పుడు తెలిసిందా నీకు?" అంది అక్క.

నేను ముక్కున వేలేసుకున్నాను. అక్కకు రెండు మూడేళ్ళుగా తెలుసట. ఏళ్ళ తరబడి ఆ ఘాటులో పనిచేస్తే ముక్కు కొద్దికొద్దిగా మొద్దుబారిపోతుందట. పొద్దున్నే టీ ఇచ్చే వంకతో తను కూడా షెడ్డులోకి వెళ్ళేదట. "ఏమండీ, ఆ చివర కాస్త తడిసినట్టు లేదూ?" అనేదట. "అదే చెప్పబోతున్నా" అనేవాడట బావ. ఊళ్ళోవాళ్ళు వాసన చూడ్డానికి పిలిస్తే, తోడుగా వస్తానని అక్క కూడా వెళ్ళేదట. ఇన్నాళ్ళూ ముక్కుదొర అని మేం పిలిచింది మా అక్కనే అన్నమాట.

"మరి ఆయనకి చెప్పలేదేమే?"

"ఏమని చెప్పనే? ఆయనకున్న గొప్పల్లా అదొక్కటే. అదీ లేదని నా నోటితో నేను చెప్పనా?" అంది అక్క. ఆ వెంటనే, "కోళ్ళు పోతున్నాయా? నాతో బాగున్నాయన్నారు. ఉండు, వచ్చేస్తాను" అంది.

"పిల్ల ఎలా ఉంది?"

"కుట్లు ఇంకా మానలేదు. లేచి కూర్చోలేకపోతోంది. పాపకి పాలు పట్టడం కూడా నేను దగ్గరుండి..."

"నువ్వెక్కడికీ రావద్దు. నా ముక్కు బాగానే ఉంది కదా."

"సరే. కానీ ఆయనతో అనకే. నాకు తెలుసని అసలు అనకు."

నా నోట్లో నువ్వుగింజ నానదని తెలిసి కూడా నాతోనే ఆ మాట అందంటే, అక్క ఎంత నలిగిపోయి ఉందో అర్థం చేసుకోవచ్చు.

తిరిగి షెడ్డులోకి వెళ్ళి, ఒక్క మాట మాట్లాడకుండా పరదా పై అంచు కుట్లు కత్తెరతో టకటకా తెంపడం మొదలుపెట్టాను. నేను వేసిన కుట్టు, నేనే తెంపుతాను, ఎవరబ్బ సొమ్ము? బావ పరుగెత్తుకొచ్చి పరదా పట్టుకున్నాడు.

"నీకు పిచ్చా! చలికి చస్తాయే అవి!"

"గాలి లేక చస్తున్నాయి బావా."

"గాలి బ్రహ్మాండంగా ఉంది! నా ముక్కు కంటే నీకు..."

"నీకు ముక్కు లేదు బావా" అనేశాను. "పోయింది. ఆ సీసా కల్తీది కాదు. ఈ షెడ్డులో నేను నిలబడలేకపోతున్నాను. నీకు తెలియట్లేదు."

అతను పరదా వదల్లేదు. కింద ఒక కోడి అతని చెప్పుకు ఆనుకుని కూర్చుని, మెడ చాచి ఊపిరి తోడుకుంటోంది. బావ దాని వైపు చాలాసేపు చూశాడు.

"చలి నా ఒంటికి తెలుస్తుందే" అన్నాడు. "తెలిసిందానికే కదా భయపడతాం. ఘాటు నాకు తెలిసి ఎన్నాళ్ళైందో నాకే గుర్తులేదు. ఉదయం లేచి తలుపు తీస్తాను, ఏమీ ఉండదు. మంచినీళ్ళలా ఉంటుంది గాలి. ఏమీ లేదంటే బాగున్నట్టే కదా అని నాకు నేనే చెప్పుకుంటాను."

"అంటే నీకు తెలుసా?"

"మీ అక్క చెప్పేది. దాన్నే నేను కనిపెట్టినట్టు చెప్పేవాణ్ణి" అన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "ఇదుగో, నాకు తెలుసని మీ అక్కతో అనకు. ఇన్నాళ్ళూ నా పరువు కాపాడాననుకుంటోంది. నొచ్చుకుంటుంది" అన్నాడు.

మొగుడొకవైపు, పెళ్ళాం ఒకవైపు, మధ్యలో నా నోట్లో రెండు నువ్వుగింజలు. కక్కలేను, మింగలేను. పగవాడికి కూడా ఇలాంటి అక్కాబావా వద్దు.

"సరే, ఇప్పుడు పరదా వదులు" అన్నాను. వదిలాడు. వదిలి, మఫ్లర్ ఇంకో చుట్టు చుట్టుకున్నాడు. చలికి కాదని నాకు తెలుసు.

చల్లగాలి నేరుగా కోళ్ళ మీద పడకుండా, గాలి వీచే వైపు మూసే ఉంచి రెండోవైపు పైన చెయ్యి పట్టేంత సందు తెరిచాం. మందు తొట్టి ఒంపేసి మంచినీళ్ళు నింపాం, అసలు మందు కొలిచి కలిపాం. గట్టిగా అట్ట కట్టిన ఊకను పారతో ఎత్తి బయట పోసి, పొడి ఊక పరిచాం. బల్బులు కిందికి దించి వేడి పెంచాం. బావ ఒక్క పనికీ అడ్డం చెప్పలేదు. అడ్డం చెప్పని బావ నాకు అలవాటు లేక, పని మధ్యలో నేనే రెండుసార్లు కావాలని తప్పు చేశాను. అప్పుడు తిట్టాడు. ప్రాణం కుదుటపడింది.

అప్పట్నుంచి పొద్దునా సాయంత్రం కుట్టు మిషను ఆపి షెడ్డుకు వెళ్ళడం నా ఉద్యోగమైంది. తలుపులో నిలబడి, మోకాళ్ళ మీద కూర్చుని, కోడి ఎత్తున ముక్కు పెట్టి పీల్చాలి. పెళ్ళికూతుళ్ళ రవికలు కుట్టే మనిషిని, రెట్ట దగ్గర ముక్కు పెట్టుకుని కూర్చున్నాను. "ఎలా ఉంది?" అని అడిగేవాడు బావ. మొదటిసారి ఆ రెండు మాటలు అడగడానికి అతను మఫ్లర్ మూడుసార్లు విప్పి చుట్టుకున్నాడు. తర్వాత అలవాటైంది. "కాస్త ఉంది బావా" అంటే ఇంకాస్త సందు తెరిచేవాడు. "లేదు" అంటే, "సరిగ్గా చూశావా? నీది ముక్కో మూకుడో" అనేవాడు.

చావులు మెల్లగా తగ్గాయి. కొన్ని పోయాయి, అవి పోవాల్సినవే, అప్పటికే ఆలస్యమైంది. మిగిలినవి దాణా దగ్గర తోసుకోవడం మొదలుపెట్టాయి. సూపర్వైజరు మళ్ళీ వచ్చినప్పుడు అతని పడిశం పోయింది గానీ ఈల ఇంకా తిరిగి రాలేదు. "నేను వేస్తాను" అన్నాను. చిన్నప్పుడు ఆడపిల్లవి ఈలేమిటని నేను తిన్న తిట్లకు ఇన్నాళ్ళకు ఫలితం దక్కింది. ఈల వేశాను. షెడ్డంతా ఒక్కసారి సద్దుమణిగింది. ముగ్గురం ఊపిరి బిగబట్టి విన్నాం. దూరంగా ఎక్కడో ఒక్క తుమ్ము. అంతే. బావ కళ్ళు మూసుకుని విన్నాడు. చెవులు మాత్రం అతనికి దివ్యంగా ఉన్నాయి, తనను మెచ్చుకున్న మాట ఒక్కటి కూడా వదిలిపెట్టడు.

"బ్యాచ్ నిలబెట్టుకున్నారు బాబాయ్" అన్నాడు సూపర్వైజరు. "పైవాళ్ళకి నేను చెప్తాను. అన్నట్టు, కాలవ అవతల షెడ్డులో కూడా గురకే. మీరొకసారి వచ్చి వాసన చూసి చెప్తే..."

బావ చేతులు దులుపుకున్నాడు. నేను అతని వైపు చూడకుండా సూది వెతుక్కున్నాను. వెళ్ళొచ్చు. నన్ను తోడు తీసుకెళ్ళొచ్చు. నేను గొణిగితే అతను గొంతెత్తి చెప్పొచ్చు. ఎవరికీ తెలియదు.

"నాకు వాసన పోయిందయ్యా" అన్నాడు బావ. "మొన్న ఘాటు లేదని నీకు చెప్పింది నాకు తెలియక. దానివల్లే ఇంత నష్టం. ఆ షెడ్డుకి మా మరదల్ని తీసుకెళ్ళు. పడిశం లేనప్పుడు నువ్వు కూడా చూడొచ్చు, అదేం బ్రహ్మవిద్య కాదు."

ఆ అబ్బాయి "అయ్యో" అన్నాడు. మరుసటి వారానికి అందరికీ తెలిసింది. ముక్కుదొర అని పిలవడం మాత్రం ఎవరూ మానలేదు. అలవాటైన పేరు ఎక్కడికి పోతుంది?

కోళ్ళను ఎత్తుకుపోయాక, షెడ్డు కడిగి ఆరబెట్టిన రోజుల్లో నేనూ బావా కూతురింటికి బయల్దేరాం. బయల్దేరేముందు అతను రెండుసార్లు స్నానం చేసి, కొత్త చొక్కా వేసుకుని నా ముందు నిలబడ్డాడు.

"వాసనేమైనా వస్తున్నానా?" అన్నాడు.

"షెడ్డు బస్సెక్కుతున్నట్టుంది" అన్నాను. మూడోసారి స్నానానికి వెళ్ళాడు. నిజానికి సబ్బు వాసన తప్ప ఏమీ లేదు.

అక్కడ కూతురు దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. అక్క పాపను తెచ్చి బావ ఒళ్ళో పెట్టింది. కోడిపిల్లల్ని వేలసార్లు ఎత్తుకున్న చేతులు, పాపను పట్టుకోవడం రాక బిగుసుకుపోయాయి.

"నాన్నా, దాని తల దగ్గర వాసన చూడు, ఎంత బాగుంటుందో" అంది కూతురు. "అందరూ చూశారు. నీ ముక్కుకైతే మాకంటే బాగా తెలుస్తుంది."

బావ వంగాడు. పాప నెత్తి మీద ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని, షెడ్డులో పీల్చినట్టే నిండుగా పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. అతను తలెత్తేవరకూ కూతురు నవ్వుతూ ఎదురుచూస్తోంది. అక్క నోరు తెరిచింది, "పాల..." అని అందించబోయింది.

"ఉండవే" అన్నాడు బావ. "నాకేమీ తెలియట్లేదమ్మా. నాకు వాసన పోయి చాలా కాలమైంది. మీ అమ్మే ఇన్నాళ్ళూ నాకు బదులు చూస్తోంది."

అక్క చప్పున నా వైపు చూసింది. నేను సీలింగ్ ఫ్యాన్‌కు ఎన్ని రెక్కలున్నాయో చూసుకుంటున్నాను. ఎవరికి ఏం చెప్పానో, ఎవరికి ఏం చెప్పలేదో నాకే గుర్తులేదు. అక్క కళ్ళు నిండిపోయాయి. వెళ్ళి అతని పక్కన కూర్చుంది.

"నువ్వు చూసి చెప్పు, ఎలా ఉందో" అన్నాడు బావ.

అక్క పాప మీదికి వంగింది. తొందరపడలేదు.

"పాల వాసన. అందరూ అనేదే" అంది. "దాని కింద ఇంకోటుందండీ. పిల్లల పెట్టె మూత తీయగానే వెచ్చగా వస్తుందే, ఎండిన ఊకా, కొత్త నూగూ కలిసిన వాసన. అలా ఉంది. దానికంటే మెత్తగా."

బావ ఆ మాటల్ని లోపల ఎక్కడో వెతుక్కుంటున్నట్టు కాసేపు కదలకుండా కూర్చున్నాడు. అతని ముక్కు చివర ఎర్రబడింది. ఏడుస్తున్నావా బావా అని అడుగుదామనుకుని, మళ్ళీ ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టుకున్నాను.

"ఇంకోసారి చూసి చెప్పు" అన్నాడు.

అక్క మళ్ళీ వంగింది.